బల్లమీది యుద్ధములు - పాచికల లెక్క

ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గల బల్ల. దానిపై పచ్చని గుడ్డ పరచి, చిన్న కొండలు, అడవులు, ఒకటి రెండు పాడుబడిన గోపురములు అమర్చియుందురు. ఒక అంచున ఈటెలు పట్టిన మానవ సైనికుల బొమ్మలు బారులు తీరియుండును. ఎదుటి అంచున పచ్చని చర్మము, కోరలు గల రాక్షసుల బొమ్మలు నిలిచియుండును. ఒక్కొక్క బొమ్మ అంగుళమునకు కొంచెము మించిన ఎత్తు. బల్లకు ఇరువైపుల నిలుచున్న ఆటగాండ్రు కొలబద్దతో అంగుళములు కొలుచుచు, బొమ్మలను జరుపుచు, గుప్పెడు పాచికలను దొర్లించుచుందురు. ఒక్కొక్క ఆటకు రెండు మూడు గంటలు పట్టును. ఇంగ్లండు, జర్మనీ, పోలండు, అమెరికా మొదలగు దేశములలో ఇటువంటి బల్లలు పదుల కొలది ఒకేచోట వేసి, రెండు దినములపాటు పోటీలు నడుపుదురు. వయసు వచ్చిన ఉద్యోగస్థులు, విద్యార్థులు తమ సేనలను పెట్టెలలో సర్దుకొని దూర ప్రాంతములనుండి వచ్చి ఇందులో పాల్గొందురు.

దీనిని మొదటిసారి చూచినవారికి ఒక సందేహము కలుగక మానదు. పాచికలతో ఆడు ఆటలో పోటీ యేమిటి? ఎవరికి పాచిక పడిన వారే గెలుతురు గదా! చదరంగములో గెలిచినవాడు తన బుద్ధిబలమున గెలిచెనని చెప్పవచ్చును. ఈ ఆటలో గెలిచినవానిని నేర్పరి యనుటకు ఆధారమేమి? ఈ ప్రశ్న ఆటగాండ్రకు మాత్రమే సంబంధించినది కాదు. ఒక మందు పనిచేసినదా, రోగి దానంతట కోలుకొన్నాడా అని వైద్యుడును, పంట ఎరువువలన పెరిగినదా, వానవలన పెరిగినదా అని వ్యవసాయ శాస్త్రజ్ఞుడును అడుగు ప్రశ్న యిదియే. నేర్పును అదృష్టమునుండి వేరుచేయుట ఎట్లు? ఈ బల్లమీది యుద్ధములను ఆధారముగా తీసికొని ఆ లెక్కను పరిశీలింతము.

ఆట పుట్టిన విధము

యుద్ధమును ఆటగా మార్చుట మన దేశమునకు క్రొత్త కాదు. రథ గజ తురగ పదాతులను నాలుగంగములుగా గల చతురంగము ఇక్కడనే పుట్టి, పారశీకము మీదుగా పడమటి దేశములకు చేరినది. కాని చదరంగములో అదృష్టమునకు తావులేదు. ఏనుగు బంటుపై పడినచో బంటు చచ్చితీరును. నిజమైన యుద్ధములో అట్లు జరుగదు; బలవంతుడును ఒక్కొక్కప్పుడు ఓడిపోవును.

ఈ లోపమును సరిచేసినది ప్రష్యా దేశపు సైనికాధికారులు. 1812లో రైస్‌విట్జ్ అను ఉద్యోగి ప్రష్యా రాజునకు ఒక యుద్ధక్రీడను చూపెను. ఆయన కుమారుడు, సైన్యములో అధికారి, దానిని సంస్కరించి 1824లో నియమావళిని ప్రకటించెను. ఇందులో గళ్ళు లేవు. వాస్తవమైన ప్రదేశపు పటము ఉండును. కాల్పులవలన ఎందరు పడిపోయిరో తేల్చుటకు పాచికలు వేయుదురు. రెండు పక్షములకు నడుమ తీర్పరి యొకడు ఉండును. ప్రష్యా సేనాధిపతి మ్యూఫ్లింగు దీనిని చూచి, ఇది సైనికులకు శిక్షణ యని మెచ్చుకొని, సైన్యములో వ్యాప్తికి తెచ్చెను.

తరువాత ఈ క్రీడ సైనికుల చేతినుండి సామాన్యుల చేతికి వచ్చినది. ప్రసిద్ధ ఆంగ్ల రచయిత హెచ్. జి. వెల్సు 1913లో బొమ్మ సైనికులతో ఆడు యుద్ధమునకు నియమములు వ్రాసి 'లిటిల్ వార్స్' అను గ్రంథముగా ప్రకటించెను. ఆయన ఆటలో స్ప్రింగుతో పనిచేయు బొమ్మ ఫిరంగులను నిజముగా పేల్చి సైనికులను పడగొట్టవలెను. మనుష్యులను చంపు పెద్ద యుద్ధముకంటె ఈ చిన్న యుద్ధమే మేలని చెప్పుట ఆయన ఉద్దేశము. ఆ గ్రంథము వెలువడిన మరుసటి ఏడే, 1914లో, మొదటి ప్రపంచ యుద్ధము ప్రారంభమైనది.

1971లో అమెరికాలో గైగాక్సు, పెర్రెను అనువారు వ్రాసిన 'చెయిన్‌మెయిల్' అను నియమావళికి అనుబంధముగా రాక్షసులు, మాంత్రికులు, ఎగురు సర్పములు చేరినవి. 1983లో ఇంగ్లండులోని గేమ్స్ వర్క్‌షాపు అను సంస్థ 'వార్‌హామర్' అను అద్భుతలోక యుద్ధక్రీడను ప్రకటించినది. పోటీలకు విశేషముగా ప్రసిద్ధికెక్కినది ఈ ఆటయే. 2015లో సంస్థ దీనిని నిలిపివేసి వేరొక ఆటను ప్రవేశపెట్టగా, పాత ఆటను విడువలేని యూరపు ఆటగాండ్రు తామే నియమములు వ్రాసికొని ఆడసాగిరి. 2024లో సంస్థయే ఆ పాత లోకమును తిరిగి మరియొక పేరుతో వెలువరించినది. నియమములు కూర్పు కూర్పునకు మారుచు వచ్చినను, వానికి అడుగున ఉన్న గణితము మారలేదు.

మూడు గండములు

పోటీలో ఇద్దరి సేనలును సమానముగా ఉండవలెను. అందుకై ప్రతి బొమ్మకును ఒక వెల నిర్ణయింపబడియున్నది. సామాన్య సైనికునికి కొద్ది అంకెలు, ఎగురు సర్పమునకు వందలకొలది అంకెలు. ఇద్దరికిని 2000 లేక 2400 అంకెల సొమ్ము ఇచ్చినట్లు భావించి, ఆ సొమ్ములో ఎవరి సేనను వారు ఇంటివద్దనే కూర్చుకొని రావలెను. చవుకైన సైనికులను మందగా తెచ్చుటయా, విలువైన వీరులను కొద్దిమందిని తెచ్చుటయా అన్నది ఆటగాని మొదటి నిర్ణయము. పోటీలో సగము నేర్పు ఇక్కడనే కనబడును.

రెండు దళములు తలపడినప్పుడు ఏమి జరుగునో చూతము. ఒక దళము 20 దెబ్బలు కొట్టినదనుకొందము. ఒక్కొక్క దెబ్బ మూడు గండములు దాటిన గాని ఎదుటి సైనికుడు పడిపోడు. మొదటిది, దెబ్బ తగులుట. ఇద్దరి నేర్పును సమానమైనచో పాచికపై 4, 5, 6 పడవలెను. అనగా సగము అవకాశము. రెండవది, తగిలిన దెబ్బ గాయము చేయుట. బలములు సమానమైనచో ఇదియును సగమే. మూడవది, ఎదుటివాని కవచము. 5 లేక 6 పడినచో కవచము కాపాడును. అనగా మూడింట రెండువంతుల గాయములు మాత్రమే ప్రాణము తీయును. ఈ మూడింటిని గుణించినచో 1/2 × 1/2 × 2/3 = 1/6. అనగా 20 దెబ్బలకు సగటున 3.33 మంది పడిపోవుదురు.

నేర్పుగల ఆటగాడు ఈ లెక్కను క్షణములో మనస్సున వేసికొనును. కాని సగటు తెలిసినంత మాత్రమున చాలదు. ఆ సగటు చుట్టును ఫలితము ఎంత ఊగిసలాడునో తెలియవలెను. గణిత శాస్త్రజ్ఞులు ఈ ఊగిసలాటకు క్రమ విచలనమను కొలత పెట్టిరి. ఇక్కడ అది సుమారు 1.67. అనగా నూటికి 77 పర్యాయములు 2 నుండి 5 మంది వరకు పడిపోవుదురు. నూటికి 10 పర్యాయములు 6గురు లేక అంతకు మించి పడిపోవుదురు. ఒక్కడును పడకపోవుట నూటికి 2.6 పర్యాయములు, అనగా సుమారు 38 పోరులలో ఒకసారి.

ఈ చివరి అంకె గమనింపదగినది. రెండు దినముల పోటీలో ఒక ఆటగాడు ఇటువంటి పోరులు 40 చేసినాడనుకొన్నచో, వానిలో ఒకటైనను పూర్తిగా విఫలమగుటకు మూడింట రెండువంతుల అవకాశము కలదు. కనుక అట్లు జరిగినప్పుడు 'నా పాచికలు శపింపబడినవి' అని తలబాదుకొనుట తగదు. జరుగకుండుటయే కొంత వింత. అట్టి దినము వచ్చితీరునని ముందే ఎరిగి, ఆ ఒక్క పోరుపై ఆటనంతను ఆధారపరుపకుండుటయే నేర్పు.

మరియొక సంగతి. దెబ్బలు 20 నుండి 80కి పెరిగినచో సగటు నాలుగు రెట్లు పెరిగి 13.3 అగును. కాని క్రమ విచలనము రెండు రెట్లు మాత్రమే పెరిగి 3.33 అగును. మొదట సగటులో సగముగా ఉన్న ఊగిసలాట ఇప్పుడు నాలుగవ వంతునకు తగ్గినది. వేసిన పాచికల సంఖ్య పెరిగినకొలదియు అదృష్టపు పాలు తగ్గిపోవునని దీని అర్థము. యాకోబ్ బెర్నూలీ అను గణితవేత్త నిరూపించిన బృహత్సంఖ్యా సూత్రము ఇదియే. ఆయన మరణానంతరము 1713లో అది గ్రంథరూపమున వెలువడినది. బల్లమీది యుద్ధములో ఒక పూట వందలకొలది పాచికలు దొర్లును గనుక, చాలవరకు మంచి చెడ్డలు ఒకదానినొకటి కొట్టివేసికొనును.

రెండు పాచికల కొండ

కాని కొన్ని సమయములలో ఆట యంతయు రెండే పాచికలపై నిలుచును. రెండు పాచికలు కలిపి వేసినచో 36 విధములుగా పడవచ్చును. మొత్తము 7 వచ్చుటకు ఆరు విధములున్నవి. 2 వచ్చుటకు గాని 12 వచ్చుటకు గాని ఒక్కొక్క విధమే. ఈ సంఖ్యలను వరుసగా గీసినచో నడుమ 7 శిఖరముగా గల కొండ ఏర్పడును. ఈ కొండ ఏటవాలు తెలిసినవానికే ఆట వశమగును.

శత్రువుపై దూకుటను తీసికొందము. వార్‌హామర్ పాత కూర్పులలో కాలిబంటు 8 అంగుళముల దూరము దూకగలడు. అయితే ముందుగా కొలువరాదు. కంటితో అంచనా వేయవలెను. 2010లో వచ్చిన ఎనిమిదవ కూర్పులో ఎప్పుడైనను కొలుచుకొనవచ్చును. దానికి మారుగా దూకు దూరము, సైనికుని నడక 4 అంగుళములకు రెండు పాచికల మొత్తము కలిపినంత అయినది. శత్రువు 10 అంగుళముల దూరమున ఉన్నచో 6 లేక అంతకు మించి పడవలెను. 36లో 26 విధములు, అనగా నూటికి 72. శత్రువు 12 అంగుళములలో ఉన్నచో 8 కావలెను, నూటికి 42. 14 అంగుళములలో ఉన్నచో నూటికి 17 మాత్రమే. రెండంగుళముల తేడా గెలుపును సగమునకు దించివేయును. తప్పినచో దళము కొద్ది దూరము తడబడి నడిచి, నడిబయట నిలిచి, తానే శత్రువుల దాడికి గురియగును. అందుచేత అనుభవజ్ఞులు తమకు 10 అంగుళములు, ఎదుటివానికి 14 అంగుళములు ఉండునట్లు దళములను కోణమున నిలుపుటకు పాటుపడుదురు. ఇక్కడ పాచికకంటె పాదములకే ప్రాధాన్యము.

ధైర్య పరీక్ష ఇంకను మంచి ఉదాహరణము. పోరులో ఓడిన దళము నిలిచి పోరాడునో పారిపోవునో తేల్చుటకు రెండు పాచికలు వేయుదురు. మొత్తము దళపు ధైర్యాంకమునకు మించకూడదు. ఎంత తేడాతో ఓడెనో అంత ధైర్యము తగ్గును. మానవ సైనికుల ధైర్యాంకము 7. రెండు తేడాతో ఓడినచో 5 లేక అంతకు తక్కువ పడవలెను; అవకాశము నూటికి 28. సేనాని 12 అంగుళములలోపల నిలిచియున్నచో అతని ధైర్యాంకము 9ని దళము వాడుకొనవచ్చును, అప్పుడు 7 లోపు పడిన చాలును, నూటికి 58. ధ్వజధారియును సమీపముననే ఉన్నచో, తప్పిన పరీక్షను మరల ఒకసారి వేయవచ్చును. రెండు పర్యాయములును తప్పుట 15/36 × 15/36, అనగా నూటికి 17. కనుక నిలుచు అవకాశము నూటికి 83.

అదే దళము, అదే ఓటమి, అవే పాచికలు. కాని నిలుచు అవకాశము 28 నుండి 83కు పెరిగినది. సేనానిని, ధ్వజధారిని గంట క్రితము ఎక్కడ నిలిపినాడన్న దానిపై ఇది యంతయు ఆధారపడినది. చూచువారు 'పాచిక బాగుగా పడినది' అందురు. ఆడువానికి మాత్రము ఆ పాచిక పడుటకు చాల ముందే పని జరిగిపోయినదని తెలియును.

మన పురాణములలో నలుడు జూదమున రాజ్యము పోగొట్టుకొని, ఋతుపర్ణునివద్ద అక్షహృదయమను విద్య నేర్చి తిరిగి గెలిచిన కథ అందరికిని తెలిసినదే. తాండ్రచెట్టు కొమ్మలను చూచి ఆకులను, కాయలను లెక్కకట్టిన ఋతుపర్ణుడే పాచికల విద్య నేర్పుట గమనింపదగినది. లెక్కకును పాచికకును గల చుట్టరికమును మన పూర్వులు గుర్తించిరనుటకు ఈ కథ తార్కాణము.

గుంపు బలము, ఇరుకు దారి

ఫ్రెడరిక్ లాంచెస్టరు అను ఆంగ్లేయ ఇంజనీరు విమానములను గూర్చి 1916లో ప్రకటించిన గ్రంథములో యుద్ధ గణితమునకు రెండు సూత్రములు ఇచ్చెను. దూరమునుండి కాల్చుకొను పోరులో ప్రతివాడును ప్రతివానిపై గురిపెట్టగలడు. అట్టి పోరులో సేన బలము దాని సంఖ్యకు వర్గమై యుండును. సమానమైన నేర్పు గల 10 మంది, 8 మంది తలపడి తుదివరకు పోరినచో, 100 నుండి 64 తీసివేయగా 36. దాని వర్గమూలము 6. అనగా 8 మందిని నిర్మూలించిన పిదపకూడ 10 మందిలో 6గురు మిగులుదురు! ఇరుకైన దారిలో ఒకరినొకరు కత్తులతో ఎదుర్కొన్నచో, ముందు వరుసవారే పోరాడుదురు. అప్పుడు ఒకరికొకరు పడిపోయి ఇద్దరే మిగులుదురు.

బల్లమీద ఈ రెండు సూత్రములును కంటికి కనబడును. విలుకాండ్రు ఎక్కువగా గలవాడు విశాలమైన మైదానమును కోరును. సేన తక్కువగా గలవాడు కొండకును అడవికిని నడుమ సందులో శత్రువును నిలువరింప జూచును. శత్రుసేనను రెండుగా చీల్చి ఒకదాని తరువాత ఒకటిగా కొట్టుటలోని లాభమును కూడ ఈ సూత్రము చెప్పును. 10 మంది మరియొక 10 మందిని ఒక్కసారి ఎదుర్కొన్నచో ఎవరును మిగులరు. ఆ 10 మందిని 5గురు చొప్పున విడదీసి ఎదుర్కొన్నచో, మొదటి పోరు తరువాత 8.66, రెండవ పోరు తరువాత 7 మంది మిగులుదురు.

పాచిక నమ్మదగినదేనా?

ఇంతవరకు పాచికలు ఆరు ముఖములకును సమానముగా పడునని భావించితిమి. అది నిజమా? వెల్డను అను ఆంగ్లేయ జీవశాస్త్రజ్ఞుడు 12 పాచికలను 26,306 పర్యాయములు వేయగా వచ్చిన ఫలితములను 1894లో ఒక లేఖలో తెలిపెను. 5 గాని 6 గాని పడవలసినది మూడింట ఒక వంతు, అనగా 0.3333. నిజముగా పడినది 0.3377. తేడా చాల స్వల్పము. కాని మూడు లక్షలకు పైబడిన పాచికలలో ఇంత తేడా యాదృచ్ఛికముగా రాదు. కార్ల్ పియర్సను 1900లో ప్రసిద్ధమైన తన పరీక్షా పద్ధతిని వివరించుచు ఈ అంకెలనే ఉదాహరణముగా తీసికొనెను. పాచికపై చుక్కలను గుంటలుగా తొలుతురు గనుక, ఆరు గుంటలు గల ముఖము తేలికయై పైకి వచ్చుటకు కొంచెము మొగ్గుచూపునని దీనికి కారణము చెప్పుదురు.

పోటీలో ఇంత సూక్ష్మమైన మొగ్గువలన ఫలితము మారదు. వెయ్యి పాచికలలో నాలుగైదు మాత్రమే దాని పాలు. అయినను న్యాయము నిజముగా ఉండుట యొక యెత్తు, అందరికిని నమ్మకము కలుగుట మరియొక యెత్తు. అందుచేత సందేహము వచ్చినప్పుడు ఇద్దరును ఒకే పాచికలను పంచుకొని ఆడవచ్చును. ఏటవాలుగా నిలిచిన పాచికను తిరిగి వేయుదురు. కాలమును వృథాచేసి ఎదుటివాని ఆటను తగ్గించకుండుటకు చదరంగపు గడియారములను కూడ కొన్నిచోట్ల వాడుదురు.

జతలు కట్టు పద్ధతి

ఒక పోటీకి 32 మంది వచ్చిరనుకొందము. ఓడినవానిని ఇంటికి పంపు పద్ధతి అవలంబించినచో, సగము మంది ఒక్క ఆటతో వెనుదిరిగి పోవలసివచ్చును. అంత దూరమునుండి సేనను మోసికొని వచ్చినవానికి అది అన్యాయము. అందరును అందరితో ఆడుటకు కాలము చాలదు. అందుచేత 1895లో స్విట్జర్లాండులోని జ్యూరిచ్ నగరమున చదరంగపు పోటీలో మొదట వాడిన పద్ధతిని వీరును అనుసరింతురు. దానికి స్విస్ పద్ధతి యని పేరు. మొదటి ఆటకు చీట్లు వేసి జతలు కట్టుదురు. తరువాత ప్రతి ఆటకును సమానమైన అంకెలు గలవారిని జతపరచుదురు. గెలిచినవాడు గెలిచినవానితో, ఓడినవాడు ఓడినవానితో ఆడును. ఎవరును మధ్యలో పోనక్కరలేదు. పైకి పోయినకొలది ప్రత్యర్థి కఠినుడగును. క్రిందికి దిగినవానికి తన పాటివాడు దొరకును. 32 మందికి 5 ఆటలు, 64 మందికి 6 ఆటలు జరిగినచో, సమానముగా ముగిసిన ఆటలు లేనియెడల, ఓటమి యెరుగనివాడు ఒక్కడే మిగులును.

యూరపు పోటీలలో గెలుపు ఓటములనే గాక గెలుపు పరిమాణమును కూడ లెక్కింతురు. ఒక్కొక్క ఆటకు 20 అంకెలు. సమానముగా ముగిసినచో 10–10. పూర్తిగా నలగగొట్టినచో 20–0. ఓడుచున్నవాడు కూడ తుదివరకు పోరాడి 4 అంకెలను 7గా మార్చుకొనవచ్చును గనుక, ఆట ఏ దశలోను నీరసపడదు.

గెలిచినవాడు నేర్పరియేనా?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. 32 మంది ఆటగాండ్రకు బదులు 32 మంది నాణెములు ఎగురవేయువారిని కూర్చుండబెట్టి, బొమ్మ బొరుసులతో అయిదు ఆటలు ఆడించినను, చివరకు అయిదింటను గెలిచినవాడు ఒకడు ఉండితీరును. ఆతడు బహుమానము తీసికొని తన మణికట్టు నేర్పును గూర్చి ఉపన్యసింపవచ్చును! కాబట్టి అయిదు ఆటలు వరుసగా గెలుచుటయే నేర్పునకు రుజువు కాదు.

మరియొక వైపునుండి చూతము. ప్రత్యర్థి ఎవరైనను నూటికి 60 పర్యాయములు గెలువగల మంచి ఆటగాడున్నాడు. ఆతడు అయిదు ఆటలును గెలుచు అవకాశము 0.6ను అయిదుసార్లు గుణింపగా నూటికి 8 మాత్రమే. నూటికి 80 గెలువగల మహానిపుణునికైనను నూటికి 33 మాత్రమే. అనగా అందరిలో శ్రేష్ఠుడైనవాడు కూడ ఎక్కువ పోటీలలో బహుమానము లేకుండనే ఇంటికి పోవును.

అట్లయినచో నేర్పు ఎక్కడ కనబడును? పెద్ద సంఖ్యలలో. సామాన్యుడు నూటికి 50, మంచి ఆటగాడు 60 గెలుచుననుకొన్నచో, ఈ పదింటి తేడా అదృష్టమునకు రెండింతల క్రమ విచలనము దాటి కనబడుటకు సుమారు 100 ఆటలు కావలెను. అయిదు ఆటల పోటీలు ఇరువది! ఏండ్లకు ఏండ్లు పోటీలకు వెళ్ళి, ఎప్పుడును పై వరుసలలో కనబడుచుండు పేర్లు కొన్ని ఉండును. నేర్పునకు ఆ పట్టికయే సాక్ష్యము గాని, ఒక్క పూట గెలిచిన గిన్నె సాక్ష్యము కాదు.

దీనినుండి ఒక మెలకువ కూడ తెలియును. గెలుచుచున్నవాడు ఊగిసలాటను తగ్గించుకొనవలెను. తన ఆటను ఏ ఒక్క పాచికపైనను నిలుపరాదు. ఓడుచున్నవాడు ఊగిసలాటను పెంచవలెను. నూటికి 17 అవకాశము గల దూకుడైనను, ఊరకుండుట నిశ్చయమైన ఓటమి అయినప్పుడు, అదే సరియైన ఎత్తు. కనుక సాహసము మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకు ఒకే సమాధానము లేదు. బల్లపై ఎవడెక్కడ నిలిచియున్నాడో చూచి చెప్పవలెను.

పాచిక మాట మన్నించుట

ఈ ఆటలో అన్నింటికంటె కఠినమైన నియమము నియమావళిలో చివరిది కాదు, మొదటిది: పడిన పాచికను పడినట్లు ఒప్పుకొనుట. అది ఎంత ముఖ్యమో తెలుపు ఉదంతము ఒకటి యుద్ధ చరిత్రలో కలదు. 1942 మే నెల ఆరంభమున జపాను నౌకాధికారులు మిడ్వే దీవిపై తాము చేయబోవు దాడిని 'యమతో' యుద్ధనౌకపై బల్లమీద ఆడి చూచిరి. ఫుచిదా, ఒకుమియా అను నౌకాధికారులు యుద్ధానంతరము వ్రాసిన గ్రంథమునుబట్టి, తీర్పరి పాచికలు వేయగా శత్రు విమానముల బాంబులు తొమ్మిది తగిలి, 'అకాగి', 'కాగా' అను రెండు విమానవాహక నౌకలు మునిగిపోయినవి. ఆటను నడుపుచున్న ఉగాకి అను సేనాని ఆ తీర్పును త్రోసిపుచ్చి, తగిలినవి మూడే యని నిర్ణయించెను. 'కాగా' ఒక్కటియే మునిగినది. తరువాతి ఆటలో అదియును తిరిగి పైకి తేలినది! జూన్ 4న నిజమైన యుద్ధము జరిగినప్పుడు ఈ రెండు నౌకలతోపాటు మరి రెండు వాహకములు అమెరికా విమానముల బాంబులకు గురియై, ఆ రాత్రి, మరునాటి ఉదయము లోపల నాలుగును సముద్రము పాలైనవి. వాటిని తిరిగి తేల్చు అధికారము ఎవరికిని లేకపోయినది.

పాచిక భవిష్యత్తును చెప్పినదని దీని అర్థము కాదు. అట్లు జరుగుట సాధ్యమని మాత్రమే అది చూపినది. సాధ్యమైన దానికి సిద్ధపడుటకు మారుగా దానిని చెరిపివేయుటయే దోషము.

ఆదివారము సాయంకాలమున పోటీ ముగియును. ఆటగాండ్రు ఒకరి చేయి నొకరు పట్టుకొని, బొమ్మలను దూదిలో చుట్టి పెట్టెలలో పెట్టుకొందురు. ఆ సమయమున తెలివిగలవాడు 'నాకు పాచిక ఎట్లు పడినది?' అని తన్ను తాను ప్రశ్నించుకొనడు. 'ఆ క్షణమున నాకు తెలిసిన దానినిబట్టి నేను చేసిన నిర్ణయము సరియైనదేనా?' అని ప్రశ్నించుకొనును. సరియైన నిర్ణయము చేసియు ఓడిపోవచ్చును, తప్పు నిర్ణయము చేసియు గెలువవచ్చును. ఫలితమునుండి నిర్ణయమును వేరుచేసి చూడగలుగుట సంభావ్యతా శాస్త్రము నేర్పు మొదటి పాఠము. వెల్సు కోరినట్లు చిన్న యుద్ధములు పెద్ద యుద్ధములను మాన్పలేకపోయినను, ఈ పాఠమును మాత్రము ఎవరికిని గాయము కాకుండ నేర్పుచునే యున్నవి.